ఇంగ్లండ్‌లో ఇంగ్లీషు మీడియం గొడవ

(బందరులో ఒక సాయంత్రం లైబ్రరీలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. మాట్లాడినట్టే ఉంచాం, తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా అండీ? ఆ ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళకి వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతా. క్లాసుల్లో అరిచీ అరిచీ అలవాటైన గొంతే ఇది.

1362లో ఇంగ్లండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇకనుంచి కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలి అని. ఎక్కడండీ? ఇంగ్లండ్‌లో. ఇంగ్లండ్ కోర్టులో ఇంగ్లీషు మాట్లాడటానికి ఒక చట్టం కావాల్సొచ్చింది. కారణం కూడా అందులోనే రాశారు, కోర్టులో మాట్లాడే భాష జనానికి అర్థం కావట్లేదు, తన తరఫున ఏం వాదిస్తున్నారో, తనకి వ్యతిరేకంగా ఏం వాదిస్తున్నారో కక్షిదారుడికే తెలియట్లేదు అని. సరే, ఆ చట్టాన్ని ఏ భాషలో రాశారో చెప్పండి చూద్దాం. ఎవరన్నా? ఫ్రెంచిలో! నవ్వకండి, మన దగ్గర తెలుగు అమలు చెయ్యండి అంటూ వచ్చిన సర్క్యులర్లు ఏ భాషలో వచ్చాయో ఆఫీసుల్లో చేసి రిటైరైనవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారు, బయటికెళ్ళాక వాళ్ళని అడగండి.

ఇంగ్లీషు గురించి మాట్లాడమన్నారు కదా అని నేనేదో రాణీగారి భాష, ప్రపంచ భాష అని మొదలుపెడతా అనుకున్నారేమో. అది మీ అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, ఇంగ్లీషు దాని సొంతూళ్ళోనే దాదాపు మూడు వందల ఏళ్ళు లోకువ భాషగా బతికింది, బడి మీడియం గురించి ఇవాళ మనం కొట్టుకుంటున్న కొట్లాటంతా వాళ్ళు 600 ఏళ్ళ కిందే కొట్టుకున్నారు. అదే కథ. మిగతావి దారిలో చెప్పుకుంటూ పోదాం.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. రోమన్ సైన్యం 410 ప్రాంతంలో బ్రిటన్ వదిలేసి వెళ్ళిపోయింది. తర్వాత ఇప్పటి జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి ఆంగిల్స్, శాక్సన్స్, జూట్స్ అనే తెగలు పడవలేసుకుని వచ్చాయి. అంటే ఇంగ్లీషు కూడా ఆ దీవికి వలస వచ్చిన భాషే, అక్కడే పుట్టింది కాదు. అంతకుముందునుంచీ ఉన్నవాళ్ళ భాష పశ్చిమానికి జరిగిపోయింది, వేల్స్‌లో ఇప్పటికీ మాట్లాడే వెల్ష్ దాని సంతానమే. ఈ వచ్చినవాళ్ళ భాషని పాత ఇంగ్లీషు అంటాం. అది ఇవాళ్టి ఇంగ్లీషు ప్రొఫెసర్ ముందు పెట్టినా, ప్రత్యేకంగా నేర్చుకుంటే తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. విభక్తులున్నాయి, లింగాలు మూడున్నాయి. ఆ లింగాలు కూడా ఎలా ఉంటాయి? సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం. భార్యకీ ఆడమనిషికీ వాడే 'వీఫ్' అనే మాట నపుంసకలింగం, దానికే 'మన్' తగిలించి 'వీఫ్‌మన్' అంటే పుంలింగం! ఆ 'వీఫ్‌మన్' నుంచే ఇవాళ్టి ఉమన్ వచ్చింది. అమ్మా, మీరు నవ్వుతున్నారు గానీ మనకి అంత నవ్వే హక్కు లేదండీ, మన తెలుగులో వాడు వచ్చాడు, ఆవిడ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. క్రియలో ఆడవాళ్ళనీ బస్సునీ ఒకే గాటన కట్టిన ఘనత మనది.

793లో లిండిస్‌ఫార్న్ అనే దీవిలో మఠం మీద వైకింగులు, అంటే డెన్మార్క్, నార్వే వైపు నుంచి ఓడల్లో వచ్చే దోపిడీగాళ్ళు, పడ్డారు. అక్కణ్ణుంచి వందేళ్ళ పాటు దోపిడీలు, యుద్ధాలు, ఆ తర్వాత కాపురాలు. వాళ్ళలో డేన్స్, అంటే డెన్మార్క్ వాళ్ళు, ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిపోయారు. ఆల్‌ఫ్రెడ్ రాజు 878లో వాళ్ళని ఎడింగ్టన్ దగ్గర ఓడించకపోతే ఈ ఉపన్యాసం సబ్జెక్టే ఉండేది కాదేమో. గమనించాల్సింది ఏంటంటే ఇంగ్లీషు, డేన్స్ భాష, ఈ రెండూ దగ్గరి చుట్టాలు, మాటలు దాదాపు ఒకటే, చివర తగిలించే విభక్తులే వేరు. పక్కపక్కన కాపురాలు చేసి, ఎడ్లు అమ్ముకుని, పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకునే జనం ఏం చేస్తారు? చివర్లు మింగేస్తారు. ఇంగ్లీషు వ్యాకరణం ఇంత పలచబడటానికి అది ఒక పెద్ద కారణం అంటారు. ఎగ్, స్కై, నైఫ్, విండో, హజ్బెండ్, చివరికి దే, దెమ్, దెయిర్ అనే సర్వనామాలు కూడా వాళ్ళవే. మాటలు అరువు తెచ్చుకోవడం ఏ భాషకైనా మామూలే, సర్వనామాలు అరువు తెచ్చుకోవడం మామూలు కాదండీ, ఆ రెండు జాతులూ ఎంత కలిసిపోతే అది జరిగిందో ఆలోచించండి.

సరే, ఇప్పుడు అసలు కథ. 1066 అక్టోబర్ 14. హేస్టింగ్స్. ఫ్రాన్సు ఉత్తర తీరంలోని నార్మండీ నుంచి విలియం వచ్చాడు, హెరాల్డ్ రాజు యుద్ధంలో పోయాడు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1086లో భూముల సర్వే జరిగేనాటికి, పెద్ద పెద్ద భూస్వాముల్లో ఇంగ్లీషువాళ్ళు ఎంతమంది మిగిలారో చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బిషప్పులు మారిపోయారు, కోటలు మారిపోయాయి, జడ్జీలు మారిపోయారు. ఆ సర్వే రాసింది లాటిన్‌లో, చేయించినవాడు మాట్లాడేది ఫ్రెంచి. విలియం నలభై దాటాక ఇంగ్లీషు నేర్చుకోవడానికి కూర్చున్నాడనీ, కుదర్లేదనీ ఆ కాలం చరిత్రకారుడు ఆర్డెరిక్ రాశాడు. మరి రిచర్డ్ ది లయన్‌హార్ట్? ఇంగ్లండ్ వీరుడు, సినిమాల్లో హీరో. పదేళ్ళు రాజుగా ఉన్నాడు, ఆ పదేళ్ళలో ఇంగ్లండ్‌లో ఉన్నది మొత్తం కలిపినా కొన్ని నెలలే. అతనిది ఫ్రాన్సు జీవితం.

అప్పుడు ఇంగ్లీషు ఏమైంది? చావలేదు. వంటింట్లో ఉంది, పొలంలో ఉంది, సంతలో ఉంది. లేనిదల్లా కాగితం మీద. కాగితం మీద లేకపోతే భాషకి ఏమవుతుంది? దాన్ని సరిదిద్దేవాడు ఉండడు. ఇది తప్పు, ఇది ఒప్పు అని బెత్తం పట్టుకునేవాడు లేడు. దాంతో ఆ లింగాలు, ఆ విభక్తులు, డేన్స్ దగ్గర మొదలైన అరుగుదల ఈ రెండు వందల ఏళ్ళలో పూర్తయిపోయింది. పండితులు పట్టించుకోకుండా వదిలేసిన కాలంలోనే ఇంగ్లీషు తేలికైంది. వ్యాకరణం మాస్టార్లం కాబట్టి మాకిది మింగుడుపడదు, అయినా నిజం.

1300 ప్రాంతంలో గ్లాస్టర్ రాబర్ట్ అని ఒకాయన పద్యాల్లో దేశ చరిత్ర రాశాడు. ఆయన ఏమన్నాడంటే, మనిషికి ఫ్రెంచి రాకపోతే జనం వాడిని పెద్దగా లెక్కచెయ్యరు, కింది వాళ్ళు మాత్రం ఇంకా ఇంగ్లీషునే పట్టుకుని ఉన్నారు అన్నాడు. ఇంకోసారి చెప్తా. ఫ్రెంచి రాకపోతే లెక్కచెయ్యరు. ఇందులో ఫ్రెంచి తీసేసి ఇంగ్లీషు పెట్టి, ఈ బందరు సెంటర్లో నిలబడి చదవండి. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు కదా?

ఇక బడి సంగతి. రానల్ఫ్ హిగ్‌డెన్ అనే సన్యాసి, చెస్టర్‌లో ఉండేవాడు, లాటిన్‌లో ఒక ప్రపంచ చరిత్ర రాశాడు. 14వ శతాబ్దం మొదటి సగం. అందులో ఆయన బాధ ఇది, వేరే ఏ దేశంలోనూ లేనివిధంగా మన పిల్లలు బడిలో సొంత భాష వదిలేసి పాఠాలు ఫ్రెంచిలో అప్పజెప్పాల్సొస్తోంది, నార్మన్లు వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. పెద్దింటి పిల్లలకి ఉయ్యాల్లో ఊగేటప్పటి నుంచే ఫ్రెంచి నేర్పుతున్నారు, పల్లెటూరి వాళ్ళు కూడా పెద్దమనుషుల్లా కనపడాలని నానా తంటాలూ పడి ఫ్రెంచి మాట్లాడబోతున్నారు. ఉయ్యాల్లో నుంచే అన్నాడండీ! ప్లేస్కూల్ అనే మాట పుట్టకముందు.

ఇక్కడితో అయిపోతే చెప్పుకోవడానికి ఏముంది. ఆ పుస్తకాన్ని జాన్ ట్రెవీసా అనే ఆయన ఇంగ్లీషులోకి అనువదించాడు. అనువదిస్తూ అనువదిస్తూ ఈ చోటికి వచ్చి ఆగాడు, ఆగి తన సొంత మాట కలిపాడు. అనువాదకుడు మధ్యలో దూరి, అయ్యా ఇది పాత సంగతి, ఇప్పుడు అలా లేదు అని చెప్పడం! ఏం కలిపాడంటే, మొదటి మహమ్మారి ముందు వరకూ అది నిజమే, ఆ తర్వాత మారింది. జాన్ కార్న్‌వాల్ అనే బడిపంతులు పిల్లలకి పాఠం ఫ్రెంచిలో చెప్పించడం మాని ఇంగ్లీషులో చెప్పించడం మొదలుపెట్టాడు, ఆయన దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారు, వాళ్ళ దగ్గర మరికొందరు, ఇప్పుడు 1385లో ఇంగ్లండ్ గ్రామర్ స్కూళ్ళన్నింటిలో ఇంగ్లీషులోనే చదువుకుంటున్నారు. ఇది రాసి ఊరుకోలేదు. దీనివల్ల ఒక లాభం ఉంది, ఒక నష్టం ఉంది అని తక్కెట్లో పెట్టాడు. లాభం, పిల్లలకి వ్యాకరణం తక్కువ టైములో వచ్చేస్తోంది. నష్టం, వాళ్ళకి ఫ్రెంచి, ఇది ఆయన మాటే, వాళ్ళ ఎడమ మడమకి తెలిసినంత కూడా తెలియట్లేదు, సముద్రం దాటి పరాయి దేశాలకి వెళ్ళాల్సొస్తే కష్టం.

ఎడమ మడమ! కుడి మడమ కూడా కాదు. ఈ హాల్లో పిల్లల తల్లిదండ్రులున్నారు, చెప్పండి, ఈ రెండు వాదనలూ మీ ఇంట్లో వినలేదూ? సొంత భాషలో చెప్తే తొందరగా ఎక్కుతుంది అని ఒకరు, రేపు విదేశాలకి వెళ్ళాలంటే ఎలా అని ఇంకొకరు. 1385 అండీ.

మరి ఆ మార్పు ఎందుకొచ్చింది? కార్న్‌వాల్ పంతులుగారు మంచివాడు కాబట్టి అని నేను నమ్మను. 1204లో ఇంగ్లండ్ రాజు జాన్ నార్మండీని పోగొట్టుకున్నాడు. అప్పటిదాకా సముద్రానికి అటూ ఇటూ భూములున్న ప్రభువులు ఏదో ఒక ఒడ్డు ఎంచుకోవాల్సొచ్చింది, ఇంగ్లండ్‌లో ఉండిపోయినవాళ్ళకి రెండు మూడు తరాల్లో ఫ్రెంచి ఇంట్లో మాట్లాడే భాష నుంచి ట్యూషన్ పెట్టించుకుని నేర్చుకునే భాష అయిపోయింది. 1337లో ఫ్రాన్సుతో యుద్ధం మొదలైంది, నూరేళ్ళ యుద్ధం అని పేరు గానీ వందకి పైనే సాగింది. శత్రువు భాష అయిపోయింది ఫ్రెంచి. మధ్యలో 1348లో ప్లేగు. జనాభాలో మూడో వంతు పోయారంటారు కొందరు, సగం దాకా అంటారు కొందరు. ఫ్రెంచి వచ్చిన పంతుళ్ళూ పోయారు, మిగిలిన కూలీలకి కూలి పెరిగింది, పట్నాలకి వెళ్ళారు, కొనుక్కునే స్తోమత వచ్చింది. వాళ్ళ భాషకీ విలువ పెరిగింది. భాషకి గౌరవం సభల్లో తీర్మానాల వల్ల రాదండీ, మాట్లాడేవాడి చేతిలో డబ్బులు పడ్డప్పుడు వస్తుంది. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

1399లో నాలుగో హెన్రీ సింహాసనం నాదని పార్లమెంటులో చెప్పింది ఇంగ్లీషులో. ఆ తరం కవి చాసర్, 1400లో పోయాడు, ఫ్రెంచి బాగా వచ్చినవాడు, ఇటలీ వెళ్ళొచ్చినవాడు, రాజకొలువులో పనిచేసినవాడు, అయినా ఇంగ్లీషులో రాశాడు. 1417 నుంచి అయిదో హెన్రీ యుద్ధరంగం నుంచి ఉత్తరాలు ఇంగ్లీషులో పంపించాడు. అది చూసి 1422లో లండన్‌లో బీరు కాచేవాళ్ళ సంఘం, అవునండీ బీరు కాచేవాళ్ళే, మా లెక్కల పుస్తకాలు కూడా ఇంగ్లీషులోనే రాసుకుంటాం అని తీర్మానం చేసుకుంది. కారణం? మా వాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు చదవడం వచ్చు, లాటినూ ఫ్రెంచీ రావు. యూనివర్సిటీలకి రాని బుద్ధి వాళ్ళకొచ్చింది.

కోర్టులు మాత్రం మారలేదు. 1362 చట్టం చెప్పాను కదా, లాయర్లు రాతలో ఫ్రెంచి వదల్లేదు. అదీ రాను రాను ఎలాంటి ఫ్రెంచి అయిపోయిందంటే, 1631లో సాల్స్‌బరీ కోర్టులో ఒక ఖైదీ శిక్ష పడ్డ కోపంతో జడ్జి మీదకి ఇటుకముక్క విసిరాడు. ఆ సంగతి రిపోర్టులో ఇలా రాశారు, 'జెక్ట్ అన్ బ్రిక్‌బ్యాట్ ఆ లె డిట్ జస్టిస్, క్ నేరోలీ మిస్ట్'. అర్థమైందా? మధ్యలో బ్రిక్‌బ్యాట్ ఇంగ్లీషు, చివర నేరోలీ మిస్ట్ ఇంగ్లీషు, చుట్టూ ఫ్రెంచి ముక్కలు. మన కుర్రాళ్ళు 'బస్సు జస్ట్ మిస్సయింది, నెక్స్ట్ దానికి స్టార్టవుతా' అంటే భాష భ్రష్టుపట్టిందని ఏడుస్తాం, అక్కడ సాక్షాత్తూ కోర్టు రికార్డే అలా ఉంది. ఆ ఖైదీకి చెయ్యి నరికి ఉరి తీశారు పాపం, అది వేరే సంగతి. కోర్టు రాతల్లోంచి లాటిన్, ఫ్రెంచి పూర్తిగా పోవడానికి ఇంకో చట్టం చెయ్యాల్సొచ్చింది, అది 1733లో అమల్లోకి వచ్చింది. మొదటి చట్టానికీ దీనికీ లెక్క కట్టుకోండి, 371 ఏళ్ళు. దాని గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, 'విల్ అండ్ టెస్టమెంట్' అంటారే, విల్ ఇంగ్లీషుది, టెస్టమెంట్ అటునుంచి వచ్చింది, రెండూ ఒకటే. ఒకడికి అర్థం కాకపోతే ఇంకొకడికి అవుతుందని రెండూ పెట్టుకున్నారు. మన దస్తావేజుల్లో దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అని రాసే లేఖరిగారికి ఇది చెప్తే సంతోషిస్తాడు.

ఇక స్పెల్లింగు. పిల్లలు నన్ను ఎక్కువ అడిగేది ఇదే, సార్, యోధుడనే అర్థం వచ్చే నైట్ అన్నదానికి ముందు కె ఎందుకు, మధ్యలో జీహెచ్ ఎందుకు అని. చాసర్ కాలంలో అవన్నీ పలికేవాళ్ళమ్మా, దాదాపు 'క్నిఖ్ట్' అనేవాళ్ళు. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ప్రెస్సు పెట్టాడు. ఆయనకి పెద్ద చిక్కు, ఏ ఊరి ఇంగ్లీషులో అచ్చు వెయ్యాలి? 1490లో ఒక పుస్తకం ముందుమాటలో ఆయనే ఒక సంగతి చెప్తాడు. కొందరు వ్యాపారులు థేమ్స్ మీద పడవలో బయల్దేరి, గాలి లేక కెంట్ తీరంలో ఆగిపోయారు. ఒడ్డుకి దిగి ఒక ఇల్లాలి దగ్గరికి వెళ్ళి, తినడానికి ఏమన్నా ఇవ్వమ్మా, ముఖ్యంగా 'ఎగ్స్' కావాలి అన్నాడు వాళ్ళలో ఒకడు. ఆవిడేమందంటే, నాకు ఫ్రెంచి రాదు బాబూ అంది! వాడికి ఒళ్ళు మండింది, వాడికీ ఫ్రెంచి రాదు మరి. అప్పుడు పక్కనున్నవాడు 'ఐరన్' కావాలట అన్నాడు, లోహం కాదండోయ్, దక్షిణాదిలో గుడ్లని అలా అనేవాళ్ళు. ఓ అదా, అంది ఆవిడ. ఉత్తరాదివాళ్ళ మాట డేన్స్ నుంచి వచ్చింది, ఆవిడది పాత ఇంగ్లీషు నుంచి దిగింది. ఇది చెప్పి కాక్స్‌టన్ అడుగుతాడు, ఈ రోజుల్లో మనిషి ఏది రాయాలి, ఎగ్సా ఐరనా? ఎగ్స్ గెలిచింది, మీకు తెలుసు.

కాక్స్‌టన్, ఆయన తర్వాతి ప్రెస్సుల వాళ్ళు, మెల్లిగా స్పెల్లింగులు గట్టిపరిచేశారు. సరిగ్గా అదే కాలంలో, 1400 నుంచి 1700 మధ్య, ఇంగ్లీషులో దీర్ఘాచ్చులన్నీ జరిగిపోయాయి, 'నామ' లాగా పలికేది నేమ్ అయింది, 'హూస్' హౌస్ అయింది. రాత అక్కడే ఆగింది, నోరు ముందుకెళ్ళిపోయింది. దానికి తోడు పండితులు కొందరు మీదపడ్డారు. డెట్ అనే మాటలో బి ఎప్పుడూ ఎవడూ పలకలేదు, లాటిన్‌లో డెబిటుమ్ ఉంది కదా, మన చదువు కనపడాలి కదా అని బి దూర్చారు. ఐలాండ్‌లో ఎస్ అయితే మరీ అన్యాయం, ఆ మాటకి లాటిన్‌తో చుట్టరికమే లేదు, ఉందనుకుని పెట్టారు. అలా 500 ఏళ్ళ కింద ఎవడో చదువుకున్నాయన చేసిన పనికి మా స్టూడెంట్లకి డిక్టేషన్‌లో అర మార్కు పోతోంది.

ఇప్పుడు మన ఊరి సంగతి, ఎందుకంటే నిజంగానే సంబంధం ఉంది. 1578లో జాన్ ఫ్లోరియో అనే ఆయన, లండన్‌లో ఇటాలియన్ నేర్పి బతికేవాడు, ఇంగ్లీషు గురించి ఏమని రాశాడంటే, ఈ భాష ఇంగ్లండ్‌లో పనికొస్తుంది, డోవర్ దాటితే ఎందుకూ కొరగాదు. డోవర్ అంటే వాళ్ళ రేవు. ఆ మాట రాసిన 33 ఏళ్ళకి, 1611లో, గ్లోబ్ అనే ఈస్టిండియా కంపెనీ ఓడ వచ్చి మన తీరంలో ఆగింది. ముందు నిజాంపట్నం, తర్వాత ఇదిగో మన బందరు. దిగినవాళ్ళ ఇంగ్లీషు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు, ఆ రోజుల్లో మన రేవుల్లో తెల్లవాళ్ళతో బేరాలకి పోర్చుగీసు నడిచేది. వాళ్ళే ఇక్కడి మాటలు పట్టుకెళ్ళారు. ఇంగ్లీషు నిఘంటువుల్లో బ్యాండికూట్ ఉంటుంది చూడండి, మన పందికొక్కే! ఆస్ట్రేలియాలో ఉండే వేరే జంతువుక్కూడా తీసుకెళ్ళి అదే పేరు తగిలించారు, దానికీ మన పందికొక్కుకీ ఏ చుట్టరికమూ లేదు. పక్షుల శాస్త్రంలో పిట్టా అని ఒక జాతి ఉంది, ఆ పేరు మన పిట్ట.

ఇక చివరాఖరికి మెకాలే. 1835 మినిట్, అంటే ఇండియాలో ఇంగ్లీషు చదువు పెట్టాలని ఆయన రాసిన నోటు, దాని గురించి అందరూ తిడతారు, చదివినవాళ్ళు తక్కువ. అందులో ఆయన ఒక వాదన చేస్తాడు, 16వ శతాబ్దంలో మా ఇంగ్లీషువాళ్ళు గ్రీకు, లాటిన్ చదవబట్టి బాగుపడ్డారు, పాత శాక్సన్ చరిత్రలూ నార్మన్ ఫ్రెంచి కథలూ మాత్రమే చదువుకుంటూ కూర్చుని ఉంటే ఇంగ్లండ్ ఇవాళ ఇలా ఉండేదా? అలాగే ఇండియావాళ్ళకి ఇంగ్లీషు. వినడానికి బాగానే ఉంది. ఆయన చెప్పనిది ఏంటి? ఆ గ్రీకూ లాటినూ చదివినవాళ్ళు చదివి ఊరుకోలేదు, ఇంగ్లీషులోకి దించారు. టిండేల్ గ్రీకు నుంచి బైబిలు కొత్త నిబంధన ఇంగ్లీషు చేసి 1526లో జర్మనీలో అచ్చేయించి దొంగతనంగా ఇంగ్లండ్‌కి పంపించాడు, 1536లో గొంతు బిగించి చంపి తగలబెట్టారు ఆయన్ని. బందరుకి ఓడ వచ్చిన అదే 1611లో అచ్చైన కింగ్ జేమ్స్ బైబిల్లో ఆయన వాక్యాలే బోలెడు ఉన్నాయి. బడుల్లో అప్పటికే 200 ఏళ్ళ నుంచి పాఠం అర్థం చెప్పేది ఇంగ్లీషులో. అంటే పరాయి భాష చదువుకోవడం ఒకటి, దాన్ని ఇంటికి తెచ్చుకోవడం ఇంకోటి, మెకాలే మొదటి సగం చెప్పి రెండో సగం దాచాడు. ఆయనకి చరిత్ర తెలియక కాదు, ఆయన చరిత్రకారుడే.

మీలో ఎవరో అడుగుతారు, మరి మీ ఇంట్లో పిల్లలు ఏ మీడియం మాస్టారూ అని. ఇంగ్లీషు మీడియమే. మా అబ్బాయిని వద్దనలేదు, మనవరాలి ఫీజులో నేనూ వేస్తున్నా. ట్రెవీసా తక్కెడలో రెండో పళ్ళెం ఉంది చూశారా, సముద్రం దాటితే ఎలా అన్నది, దానికి ఈ కాలంలో బరువు ఎక్కువ, అది కాదనను. కాకపోతే ఆయన మొదటి పళ్ళెం కూడా పెట్టాడు, తొందరగా వస్తుంది అన్నది, మన మీటింగుల్లో ఎప్పుడూ ఏదో ఒక పళ్ళెమే ఉంటోంది. సరే, మైకు ఆ మూలనున్న అబ్బాయికి ఇవ్వండి, ఇందాకట్నుంచీ చెయ్యెత్తి కూర్చున్నాడు.